తెల్లారిందని చెప్పే వంతు

తాయారమ్మగారిని ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ప్రశ్న విని, తల పంకించి, చేతిలో ఉన్న పని పూర్తి చేసుకునేవారు. జవాబు ఆ పూటో మరునాడో దానంతట అదే వచ్చి ఎదుట కూర్చునేది. కాకినాడ జగన్నాథపురంలో ఆమె నడిపే బాలబడికి శుక్రవారం శుక్రవారం కథ చెప్పడానికి వెళ్ళేవాణ్ణి గనక ఇది నేను కళ్ళారా చూసిన సంగతి. నేనెవరినంటారా? పద్యనాటకాల్లో జీవితమంతా రాక్షస వేషాలు కట్టినవాణ్ణి. మైకు లేకుండా నేను పద్యం అందుకుంటే హార్బరులో కట్టేసిన ఓడలు తాళ్ళు తెంపుకుని నడిసముద్రంలోకి పారిపోయేవి. ఆ ఓడల వాళ్ళంతా కలిసి నామీద కలెక్టరుగారికి అర్జీ పెట్టుకున్నారు కూడా. అంతటివాణ్ణి ఆ బడిలో మాత్రం గొంతు తగ్గించుకుని, పిల్లల మధ్య చాపమీద కూర్చుని చెప్పేవాణ్ణి. తాయారమ్మగారి ఆజ్ఞ అది.

ఆమె ఆ బడికి పెద్ద టీచరు. ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి పేరు కౌముది. బంగారంలాంటి పిల్ల. ముక్కు కారితే తుడిచేది, కింద పడితే ఎత్తుకునేది, ఏడిస్తే పాట పాడేది, ఒకేసారి ఇద్దరిని చెరో చంకనా వేసుకుని మూడోవాడికి అన్నం కలిపేది. జూన్ నుంచి రామారావుపేటలో తెరవబోయే కొత్త బడికి ఆమెనే పెద్ద టీచరుగా పంపాలని నిర్ణయమైంది. ఆ బెంగతోనే ఒక శుక్రవారం ఉదయం, పిల్లలు చింతపిక్కలు గిన్నెల్లోకి ఏరుకుంటున్న వేళ, తాయారమ్మగారి పక్కన చేరి అడిగింది.

"అమ్మా, తప్పుగా అనుకోకండి. పెద్ద టీచరు పని ఏమిటో మిమ్మల్ని చూసి నేర్చుకుందామని ఏడాదిగా చూస్తున్నాను. మీరు ఏం చేస్తున్నారో నాకు కనబడటం లేదు."

నేను పక్కనే ఉన్నాను. ఇంకొకరైతే ఆ మాటకి నొచ్చుకునేవారే. తాయారమ్మగారు తల పంకించి, దొర్లిపోయిన చింతపిక్కని కాలితో ఆపి, దాన్ని వెతుక్కుంటూ వచ్చిన బుడతడి వైపు మెల్లగా తోశారు. అంతే.

నిజానికి ఆ ఉదయం కౌముది మనసు మనసులో లేదు. తన్విక అనే నాలుగేళ్ళ పాపకి ఆ బడిలో అదే ఆఖరి రోజు. చేరి ఎనిమిది నెలలైనా ఆ పిల్ల బడిలో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంట్లో అమ్మ చెవిలో ఏవో గుసగుసలు చెబుతుందట, గడప దాటితే పెదవి విప్పదు. తండ్రికి ఓడ మీద ఉద్యోగం. తల్లి ఇక్కడి పోస్టాఫీసులో పనిచేస్తుంది. ఇంటి పెత్తనం తాతగారు సోమశేఖరంగారిది. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి, ఒక నిమిషం ఆలస్యాన్ని కూడా ఓర్చుకోలేరు. ఈ బడి వల్ల లాభం లేదని తేల్చేసి, మనవరాలిని విశాఖపట్నంలో పాప మేనత్తగారింట్లో పెట్టి, మాటలు నేర్పే పెద్ద బడిలో వేస్తానన్నారు. సాయంత్రం బండికి టిక్కెట్లు కూడా తీశారు. తల్లి పొద్దున్న పాపని దింపుతూ గేటు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. తల్లి ఒక ఊళ్ళో, నాలుగేళ్ళ పిల్ల ఒక ఊళ్ళో. అదీ సంగతి.

ఇక్కడ ఆ బడి ఆచారం ఒకటి చెప్పాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక తలుపులు దగ్గరకి వేసి, పాత చీరలతో కుట్టిన బొంతలు పరిచి అందరూ పడుకోవాలి. రోజుకొక పిల్లో పిల్లాడో ముందుగా లేచి "తెల్లారింది!" అని చెప్పాలి. ఆ మాట వినబడేదాకా ఎవరూ కళ్ళు తెరవకూడదు, కదలకూడదు. టీచర్లకీ అదే నియమం, ఆయాకీ అదే నియమం, నాలాంటి మహానటుడికీ అదే నియమం. వినబడగానే బడంతా కోళ్ళై కూయాలి. పిల్లలకి ఆ వంతంటే ప్రాణం. తన్విక వంతు వచ్చిన ప్రతిసారీ దాన్ని 'తనూ' అని పిలిచే జోషిత పక్క బొంత మీంచి లేచి, "తనూ చెప్పమందండీ, తెల్లారింది!" అని తానే కేకేసేది. జోషిత వాగుడుకాయ. తన్వికకి దాహం వేసినా, బొమ్మ కావాలన్నా, కోపం వచ్చినా చెప్పేది జోషితే. కౌముది ఆ పిల్లని దగ్గరకి తీసుకుని, "చూశారా, మా జోషితకి ఎంత మంచి మనసో!" అని ముద్దు పెట్టుకునేది. పిల్లలందరూ ముద్దుల కోసం తన్విక తరఫున మాట్లాడటానికి పోటీలు పడేవారు. ఆ పిల్లకి బడి నిండా నోళ్ళే.

ఆ మధ్యాహ్నం బొంతలు పరుస్తుంటే తాయారమ్మగారు అడిగారు, "ఇవాళ వంతు ఎవరిది?"

"తన్వికదండీ. కానీ ఇవాళ వద్దమ్మా. పాపం, ఆఖరి రోజు. దాని మీద ఆ భారం పెట్టడం ఎందుకు? ఇంకెవరికైనా ఇద్దాం," అంది కౌముది.

"వంతు దానిదే కదమ్మా," అని తాయారమ్మగారు జోషిత బొంత తీసుకెళ్ళి తన పక్కన వేసుకున్నారు. "జోషితా, ఇవాళ నా పక్కన పడుకో. నాకు నిద్ర పట్టడం లేదే," అన్నారు. "అయ్యో, జోకొట్టనా?" అంటూ ఆ పిల్ల పెద్దమ్మలా ఆమె భుజం మీద తట్టడం మొదలుపెట్టింది. ఆమెకి అటు పక్క జోషిత, ఇటు పక్క కౌముది, తలాపున నేను. అందరం పడుకున్నాం.

నిద్ర నటించడంలో నన్ను మించినవాడు ఈ దేశంలో పుట్టలేదు. కుంభకర్ణుడి వేషంలో నేను గురక పెడితే ముందు వరసలో చంటిపిల్లలు ఉయ్యాల లేకుండా నిద్రపోయేవారు, వాళ్ళని ఎత్తుకున్న తల్లులు కూడా. అలాంటి నాకే ఆ రోజు నిద్ర నటించడం చేతకాలేదు. రోజూ వంతు పలికే వేళ దాటిపోయింది. పిల్లల్లో కదలిక మొదలైంది. ఒకడు కళ్ళు మూసుకునే కిసుక్కుమన్నాడు. ఒక కన్ను ఓరగా తెరిచి చూశాను. తన్విక బొంత మీద లేచి కూర్చుంది. పెదవులు బిగబట్టి జోషిత వైపు చూసింది. జోషిత నోరు తెరవబోయి, తాయారమ్మగారి చెయ్యి తన మీద పడేసరికి మళ్ళీ మూసుకుంది. కౌముది మోచేతి మీద లేవబోయింది. తాయారమ్మగారు కళ్ళు తెరవకుండానే ఆమె మణికట్టు పట్టుకున్నారు. నా గొంతులో కూడా సింహం లేచింది. ఒక్క కేక వేసి ఆ పసిదాన్ని ఈ అవస్థనుంచి గట్టెక్కిద్దామని గొంతు సవరించుకున్నాను. నా కండువా కొస ఎప్పుడు చిక్కిందో తాయారమ్మగారికి, గట్టిగా ఒక లాగు లాగారు. ఊరకున్నాను. ఓడల్ని పారదోలిన గొంతుని నొక్కిపెట్టడం నా రంగస్థల జీవితంలోకెల్లా మహాఘట్టమని ఈనాటికీ నా అభిప్రాయం.

అంతలో గేటు దగ్గర ఆటో ఆగింది. సోమశేఖరంగారు కిటికీ దగ్గరికి వచ్చి లోపలికి తొంగి చూశారు.

"ఏమండీ టీచరుగారూ!"

బడంతా కళ్ళు మూసుకుని పడుకుని ఉంది, మీసాల ముసలాణ్ణైన నాతో సహా.

"ఏమండోయ్! బండికి టైమవుతోంది. పట్టపగలు ఏమిటండీ ఈ మొద్దునిద్రలు! పిల్లని పంపండి!" అని ఆయన కిటికీ చువ్వ మీద ఉంగరంతో టకటక కొట్టారు.

కౌముది ఊపిరి నాకు వినబడుతోంది. ఆమె మణికట్టు ఇంకా తాయారమ్మగారి చేతిలోనే ఉంది. ఆయన మూడోసారి కేకేయబోతుండగా తన్విక గభాలున లేచి కిటికీ దగ్గరికి పరుగెత్తింది. వేలు పెదవుల మీద పెట్టుకుని, బుగ్గలు ఎర్రగా చేసుకుని కోప్పడింది.

"ష్! అరవకు తాతా! ఇంకా తెల్లారలేదు!"

ఆ కంఠం కాస్త బొంగురుగా ఉంది. సోమశేఖరంగారు చువ్వలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "అలాగేనమ్మా," అన్నారు గుసగుసగా. తన్విక వెనక్కి వచ్చి మా మధ్య నిలబడి, అందరి కళ్ళూ మూసి ఉన్నాయో లేదో ఒక్కొక్కరినీ వంగి పరీక్షించింది. నా దగ్గరైతే రెప్ప మీద వేలు పెట్టి మరీ చూసింది. ఇక తీరుబడిగా తన బొంత మీదికి వెళ్ళి నిలబడి, "తెల్లారింది," అంది.

కోళ్ళు కూశాయి. నా కోడికూతకి రైల్వే స్టేషన్లో బండి బయల్దేరిపోయిందని తరవాత చెప్పుకున్నారు గానీ, దాన్ని పట్టుకోవాలని ఆ రోజు ఎవరికీ తోచలేదు. సోమశేఖరంగారు ఆటోవాణ్ణి పంపించేసి, అరుగు మీద కూర్చుని ముఖం తుడుచుకుంటున్నారు. లోపల జోషిత "తనూ ఏమంటోందంటే..." అని మొదలుపెట్టబోతే, "నేను చెప్తా," అంది తన్విక.

పిల్లలందరూ వెళ్ళాక కౌముది బొంతలు మడతపెడుతూ ఒకచోట ఆగిపోయింది. గాజులు నొక్కుకున్న మణికట్టు రాసుకుంటూ అడిగింది, "అమ్మా, ఒకవేళ ఆ టైముకి తాతగారు రాకపోతే? అది నోరు విప్పకపోతే ఏం చేసేవారు?"

తాయారమ్మగారు చేతిలోని బొంత దులిపి, నాలుగు మడతలు పెట్టి, దొంతి మీద ఉంచారు.

"ఇంకాసేపు పడుకునేవాళ్ళం," అన్నారు.