తంగెడుమిట్ట కావలి

ఒకానొక రాజ్యంలో ఒక రాజు ఉండేవాడు. ఆ రాజ్యం పేరు, ఆ రాజు పేరు ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. ఎందుకు లేరో కథ చివర మీకే తెలుస్తుంది. ఆయన బిరుదులు మాత్రం మహా పొడుగు. కొలువులో వాటిని చదివే వందిమాగధుడు నడుమ ఒకసారి ఆగి మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టేవాడు.

ఆ రాజు ఒక జయమండపం కట్టించ తలపెట్టాడు. కొండ తొలిపించి రాళ్లు తెప్పించాడు. అంతా సిద్ధమయ్యాక చిక్కు వచ్చిపడింది. బిరుదులన్నీ ఒక్క రాతి మీదే చెక్కాలని ఆయన పట్టు. అంత పొడుగు రాయి ఎక్కడా దొరకలేదు. చివరికి ఎవరో పుణ్యాత్ముడు చెవిలో ఊదాడు. తంగెడుమిట్ట పొలిమేరలో నిలువెత్తు నల్లరాయి ఉందట, దాని వీపు నున్నగా ఖాళీగా ఉందట.

అది ఉత్త రాయి కాదు, వీరగల్లు. ఎన్నో తరాల కిందట దొంగలు ఆ ఊరి మందను తోలుకుపోతుంటే ఐతడనే పశులకాపరి ఒక్కడే అడ్డం నిలిచాడు. మంద ఇల్లు చేరింది, అతను చేరలేదు. అతను పడిపోయిన చోటే ఊరివాళ్లు రాయి నిలిపి, అతని బొమ్మా పక్కన ఒక ఆవు బొమ్మా చెక్కించారు. అప్పటినుంచీ ఆ రాయే ఊరికి కావలి.

ఇలాంటివాటి మంచిచెడ్డలు చూడటానికి ఆ రాజ్యంలో ‘ఆనవాళ్ల సభ’ అని ఒకటి ఉండేది. రాజుగారి తాత పెట్టిన సభ అది. పాత గుడి గానీ, బావి గానీ, రాయి గానీ సభ ఒప్పుకోనిదే ఎవరూ కదిలించరాదు, రాజైనా సరే. సభలో ఒక్కరు కాదన్నా కాదన్నట్టే.

రాజు సభను పిలిపించి తన కోరిక చెప్పాడు. పెద్దలందరూ నేల చూపులు చూస్తూ తలలూపారు. చివరి ఆసనంలో ఉన్న కొమ్మన ఒక్కడే ఊపలేదు. కొలువులో అతనికి మాటకారి అని పేరు.

కాదంటే ఈ పూటకు రాయి నిలుస్తుంది. రేపు రాజు సభనే ఎత్తేస్తాడు, ఆపైన రాజ్యంలో ఏ రాతికీ దిక్కుండదు. అవునంటే ఐతడు పోతాడు. ఏటా ఊళ్లు తిరుగుతూ ఆ రాయి మీది నాచు తన చేత్తో తుడిచినవాడు కొమ్మన.

“ఏం కొమ్మనా, నీకేమైనా అభ్యంతరమా?” అన్నాడు రాజు.

కొమ్మన లేచి చేతులు జోడించాడు.

“ఎంతమాట మహాప్రభూ! రాయిని నిక్షేపంగా తెప్పించుకోండి. సభ తరఫున ఒక్కటే మనవి. అది కావలి తావు. కావలివాణ్ణి దింపితే మరొకరు నిలబడాలి. మంద ఇల్లు చేరేదాకా నిలబడితే కావలి మారినట్టే. అయితే ఆ నిలబడేవాడు ఐతడికన్నా గొప్పవాడై ఉండాలి. అలాంటివాణ్ణి ఎక్కడ వెతకాలా అని నా దిగులు.”

రాజు మీసం దువ్వాడు. “నీ కళ్లకు పొరలు కమ్మాయా? పశులకాపరికన్నా గొప్పవాడు నీ ఎదుటే ఉంటే, ఇంకా వెతుకుతానంటావేం? నేనే నిలబడతాను!”

“సభకు అంతకన్నా ఏం కావాలి? కావలి మారిందాకా రాయి ఊరు దాటదు, అంతే,” అన్నాడు కొమ్మన.

మర్నాడు మధ్యాహ్నానికి బండివాళ్లు వీరగల్లును పెకలించి, గడ్డి పరిచి పక్కన పడుకోబెట్టారు. వెల్లకిలా పడివున్న ఐతణ్ణి చూసి కొమ్మన మొహం తిప్పుకున్నాడు. రాజు కిరీటంతో సహా వచ్చి ఆ గుంట పక్కన నిలబడ్డాడు. భటులు గొడుగు పట్టబోతే కొమ్మన వారించాడు. ఐతడికి గొడుగు లేదుగదా!

పొద్దు వాలుతుండగా ఒక పెళ్లిబండి వచ్చి ఆగింది. నాగులమ్మ అనే పెద్దావిడ కొత్తకోడల్ని దింపింది. చేతిలో నూనెగిన్నె ఉంది. రాయి లేదు, రాయి తావులో రాజున్నాడు. ఆవిడ నిర్ఘాంతపోయి కొమ్మన వంక చూసింది.

“ఈ పూట కావలి రాజుగారిదమ్మా. మీ ఆనవాయితీ ప్రకారం కానివ్వండి,” అన్నాడు కొమ్మన.

నాగులమ్మ కోడలి చెవిలో ఏదో చెప్పింది. ఆ పిల్ల వంగి రాజు పాదాలకు నూనె రాసింది. తలెత్తకుండానే అడిగింది.

“ఎవరి కోసం నిలబడినావు సామీ?”

రాజు తెల్లబోయాడు. “ఏమిటీ ప్రశ్న?”

“కొత్తకోడలు ఊళ్లో కాలు పెట్టేముందు రాయిని అడగాల సామీ,” అంది నాగులమ్మ. “రాయి తరఫున అత్త చెప్పాల, ఐతడు ఎవరి కోసం నిలబడినాడో. మా అత్త నాకు చెప్పింది. నీ సంగతి నాకు తెల్వదు గదా, నువ్వే చెప్పు.”

రాజు గొంతు సవరించుకుని బిరుదులు అందుకున్నాడు. గెలిచిన కోటలు చెప్పాడు, ఓడిన రాజులను చెప్పాడు. పిల్ల ఓపిగ్గా విన్నది. అయ్యాక నాగులమ్మ నెమ్మదిగా అంది.

“అవన్నీ గొప్పవే సామీ. పిల్ల అడిగింది అది కాదు. ఎవరి కోసం?”

రాజు తను చేసిన యుద్ధాలన్నీ తలచుకున్నాడు. ఒక్కటైనా ఫలానావాళ్ల కోసం అని చెప్పడానికి దొరకలేదు. ఎండలో అంతసేపు చెక్కుచెదరని మొహం ఇప్పుడు వాడిపోయింది. కొమ్మనకు గెలిచానన్న సంబరం కలగలేదు, జాలి వేసింది.

“చెప్పేవరకు పిల్లను ఊళ్లోకి తీసకపోలేను సామీ,” అంది నాగులమ్మ. ఆవిడ గొంతులో కోపం లేదు.

అంతలో దుమ్ము రేపుకుంటూ మంద వచ్చింది. ఒక ముసలి ఆవు మందలోంచి విడివడి, రోజూ రాతికి మెడ రుద్దుకునే అలవాటున, రాజు దగ్గరికి వచ్చి ఆయన నడుముకేసి మెడ రుద్దసాగింది. కిరీటం జారి గుంటలో పడింది. భటులు ఉరకబోతే రాజు చెయ్యెత్తి ఆపాడు. ఆవు తీరిగ్గా రుద్దుకుని పోయిందాకా కదల్లేదు.

అప్పుడు నవ్వాడు. పొట్ట పట్టుకుని, కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వాడు. ఆ నీళ్లన్నీ నవ్వువల్ల వచ్చినవి కావని కొమ్మనకు తెలిసింది.

“కొమ్మనా! ఈ పెళ్లిబండి ఇవాళ వస్తుందని నీకు ముందే తెలుసు కదూ?”

“తెలుసు మహారాజా. రాళ్లను చూసుకోవడం సభకు సగం పనే. వాటి దగ్గరికి వచ్చి అడిగేవాళ్లు ఉన్నారా లేదా అని చూసుకోవడం మిగతా సగం. అడిగేవాళ్లు లేకపోతే ఐతడిదైనా ఉత్త రాయే.”

రాజు గుంట దగ్గరనుంచి పక్కకు జరిగాడు. “కావలివాణ్ణి లేపండి,” అన్నాడు. రాయి నిలిచింది. ఆ పిల్ల మళ్లీ నూనె రాసి మళ్లీ అడిగింది. నాగులమ్మ ఐతడి కథ చెప్పింది. రాజు నూనె పాదాలతో నిలబడి చివరిదాకా విన్నాడు.

తర్వాత తన చేతి కంకణం తీసి కొమ్మనకు తొడిగాడు. “ఇది నీకు. మరి ఆ మంద నీళ్లెక్కడ తాగుతుంది?”

“దూరంగా వాగుకు పోవాల సామీ,” అంది నాగులమ్మ.

జయమండపం రాళ్లన్నీ తంగెడుమిట్టకు తరలివచ్చి నీళ్లతొట్లయ్యాయి. ఏ బిరుదులు చెక్కమంటారని శిల్పులు అడిగితే, నీళ్లు నిలిచేలా చెక్కండి చాలన్నాడు రాజు.

ఇప్పటికీ అక్కడ కొత్తకోడలు రాయిని అడిగాక తొట్టి వైపు తిరిగి, ఇది ఎవరి కోసమని అడుగుతుంది.

“దప్పికైన గొడ్ల కోసం. ఎవరో రాజు పెట్టించినాడంట,” అంటుంది అత్త.

“ఏ రాజు అత్తా?”

“పేరు తెల్వదమ్మా. ఒకనాడు ఇక్కడ కావలి నిలబడినాడంట.”