గండన్న తవ్విన చెలమ

అనగనగా, వెదురు దట్టంగా పెరిగే ఒక అడవిలో, ఏనుగు గున్నలకు ఒక బడి ఉండేది. మందలో అందరికంటే పెద్దదైన అవ్వ ఏనుగు పాఠాలు చెప్పేది. గడ్డి పీకడం, పీకిన గడ్డిని కాలికి కొట్టి మట్టి దులపడం, వాగు లోతు చూసి దిగడం, అన్నీ అక్కడే నేర్చుకునేవి.

ఏనుగుల్లో ఒక ఆచారం ఉంది పిల్లలూ. మగగున్న ఎదిగితే మంద విడిచి వెళ్ళిపోవాలి. ఆ ఏడు గండన్న అనే గున్న వంతు వచ్చింది.

"ఎటు వెళ్ళను అవ్వా?" అని అడిగాడు.

"అది నా పాఠాల్లో లేదు నాయనా" అంది అవ్వ.

గండన్న వెళ్ళాడు. కానీ దూరం వెళ్ళలేదు. రోజూ బడి పక్కన వెదురు చాటున నిలబడేవాడు. గున్నలు పాఠం అప్పజెబుతుంటే తనూ గొంతులోనే అప్పజెప్పేవాడు. మంద ఎటు కదిలితే అటే, వెనకాల నడిచేవాడు.

ఎండాకాలం వచ్చింది. వాగు ఎండిపోయింది. మంద దాహంతో నీడన కూలబడింది. గండన్న చాటు వదిలి వచ్చాడు.

"అవ్వా, ఇలాంటి ఎండల్లో ఇదివరకు ఎక్కడ తాగేవాళ్ళం?"

అవ్వ చాలాసేపు చెవులు ఆడించింది. "ఒక చోటుండేది నాయనా. రాళ్ళగుట్ట దాటాకో, దాటకముందో. గుర్తు రావడం లేదు. ఎవరైనా వెతకాలి."

మందలో ఇక అడగడానికి ఎవరూ లేరు. గండన్న మొదటిసారి ఒంటరిగా నడిచాడు.

దారిలో అడవిపంది కనిపించింది. "నీళ్ళున్నాయా మామా?"

"ఈ బురదగుంట ఉంది అల్లుడూ. నువ్వు కాలు పెడితే గుంట ఉండదు, నా స్నానమూ ఉండదు."

కోతి చెట్టుతొర్ర చూపించింది. "తాగు బావా. తొండం కొస తడుస్తుంది" అని నవ్వింది.

దుప్పి జాలిపడింది. "మేం తెల్లారి మంచుపడిన ఆకులు నాకుతున్నాం. నీ పొట్టకు అడవంతా నాకాలి అన్నా."

ఎవరి నీళ్ళు వాళ్ళకే సరి. గండన్న ఇంకా ముందుకు నడిచి, ఎండిపోయిన ఒక ఏట్లోకి దిగాడు. నాలుక పిడచకట్టుకుపోయింది. తొండం ఇసుకకు ఆనించి మెల్లగా నడిచాడు. ఒకచోట అడుగునుంచి సన్నగా చల్లదనం తగిలింది. కాలితో తవ్వాడు. ఇసుక కూలింది. మళ్ళీ తవ్వాడు. మళ్ళీ కూలింది. ఇంకా వెడల్పుగా తవ్వాడు. చెలమలో నీరు ఊరింది.

కడుపునిండా తాగి, గట్టిగా ఘీంకరించాడు. ఆ కేక పట్టుకుని మంద ఆగి ఆగి వచ్చింది. ఎదిగిన మగఏనుగు మందలో కలవకూడదు కదా, గండన్న ఒడ్డున పొదల వెనక్కి తప్పుకున్నాడు.

అవ్వ తాగింది. ఇసుకలో ఉన్న అడుగును తొండంతో తడిమింది. "పెద్ద పాదం. ఎవరి బిడ్డో, బాగా తవ్వాడు" అంది.

"నేనే అవ్వా" అన్న మాట గండన్న గొంతుదాకా వచ్చింది. ఆ మాట అనేస్తే, మళ్ళీ ఆ మంద వెనకాలే నడవాలనిపిస్తుంది. అందుకే అనలేదు. చిట్టచివరి గున్న తాగేదాకా చూశాడు. తర్వాత తడి ఇసుక వాసన వెతుక్కుంటూ ఏటి వెంట పైకి వెళ్ళిపోయాడు.

నీతి: బడి మనకు నడక నేర్పుతుంది. ఎటు నడవాలో మాత్రం మన దాహమే చెప్పాలి.