ఎలుక గెలిచిన సాలిటేర్

కోరుమంచి రాజు చిత్రసేనుడికి కంప్యూటర్‌లో సాలిటేర్ ఆడే పిచ్చి పట్టుకుంది. రాజుగారికి పట్టిన పిచ్చి రాజ్యానికి పట్టకుండా ఉంటుందా? ఆయన ఒక ఆట గెలిస్తే కోట మీద నగారా మోగేది. తెర మూలన కనబడే గెలుపు శాతం కాస్త తగ్గిందంటే వంటశాలలో పొయ్యిలు ఆర్పేసేవారు. అది మళ్లీ పెరిగేదాకా కోటలో ఎవరికీ అన్నం లేదు.

ఈమధ్య ఆ శాతం రోజూ తగ్గుతోంది. అదీ రాజుగారు ఆడుతున్నప్పుడు కాదు, తలంటి పోయించుకుంటున్నప్పుడు.

"నేను లేకుండా నేనెలా ఓడిపోతున్నాను?" అని రాజు సభలో అడిగాడు.

రాజవైద్యుడు మౌస్‌కి నాడి చూసి, పైత్యం చేసిందన్నాడు. మంత్రి కుర్చీని సభకు పిలిపించి విచారించాడు. అది ఎంతకీ నోరు మెదపకపోయేసరికి, ఏదో దాస్తోందని తేల్చాడు.

రాజు విసిగిపోయి ఆస్థానంలో చమత్కారి అయిన కోనప్ప వైపు తిరిగాడు.

"కోనప్పా, ఓడితే నేనే ఓడాలి. నా ఓటములు ఇంకెవరో ఓడిపెడితే ఒప్పుకోను. అదెవరో రేపటి సభలో తేల్చు. తేల్చకపోతే ఆ ఓటములన్నీ నీ పేరున ఎక్కించి, నిన్ను పొలిమేర దాటిస్తాను."

"చిత్తం ప్రభూ," అన్నాడు కోనప్ప. నిన్నటినుంచి మంచినీళ్లతో గడుపుతున్నాడేమో, అంతకంటే పెద్ద మాట రాలేదు.

ఆ సభలో ఏ దిగులూ లేనివాడు దండనాయకుడు రణభైరవుడు ఒక్కడే. రాజుగారి కంప్యూటర్‌లోనే అతని పేరున కూడా ఆట తెరిచి ఉంది. అందులో ఇంతవరకు ఒక్క ఓటమి లేదు. అతని పల్లకీ ముందు ఒక భటుడు 'నూటికి నూరు' అని కుట్టిన జెండా పట్టుకుని నడిచేవాడు.

ఆ మధ్యాహ్నం రణభైరవుడు అందరూ చూస్తుండగా ఆటకు కూర్చున్నాడు. కోనప్ప అతని వెనకాల నిలబడ్డాడు.

"ఈ కుప్ప అడుగున కళావరు రాణి ఉంటుంది," అన్నాడు రణభైరవుడు, ముక్క ఇంకా తిరగకుండానే. తిప్పితే కళావరు రాణే. సభంతా చప్పట్లు కొట్టింది.

కోనప్ప కొట్టలేదు. ఆ పంపకాన్ని అతను పొద్దున్నే రాజుగారి పేరు మీద, ఓడిపోయిన ఆటలో చూశాడు. అవే ముక్కలు, అవే కుప్పలు.

విషయం అర్థమైపోయింది. రాజుగారు స్నానానికి వెళ్లగానే ఈయన ఆ కుర్చీలో కూర్చుంటున్నాడు. రాజుగారి పేరున ఆడి, ఓడి, ఏ ముక్క ఎక్కడుందో చూసుకుంటున్నాడు. తర్వాత అదే పంపకం తన పేరున తెరిచి గెలుస్తున్నాడు. తెలివి ఈయనకి, ఓటమి రాజుగారికి, పస్తులు మిగిలినవాళ్లకి.

కానీ చెప్తే నమ్మేదెవరు? కంప్యూటర్ ఉన్న గది కాపలావాళ్లంతా దండనాయకుడి మనుషులే. కోనప్ప సాయంత్రం దాకా రాజుగారి పాత ఆటలన్నీ తిరగేశాడు. స్నానాల వేళ పడ్డ ఓటముల మధ్య ఒకచోట ఆగి, మీసం దువ్వుకున్నాడు.

మర్నాడు సభ నిండిపోయింది. ఆకలితో ఉన్నవాళ్లు గోడలకి ఆనుకుని నిలబడ్డారు.

"దొరికాడా?" అన్నాడు రాజు.

"దొంగ సంగతి తర్వాత ప్రభూ. ముందు ఒక మహిమ చెప్పాలి. మొన్న శుక్రవారం తమరు నలుగు పెట్టించుకుంటున్న వేళ, తమ పేరున ఒక ఆట గెలుపుతో ముగిసింది. మామూలు పంపకం కాదు. ఆసులన్నీ అడుగున పడ్డ మొండి ఆట. నరమాత్రుడు గెలవలేడు."

"మరి ఎవరు గెలిచారు?"

"గదిలో మనిషి లేడని కాపలావాళ్లు ప్రమాణం చేశారు. ఉన్నది మౌస్ ఒక్కటే. మౌస్ అంటే ఎలుక. ఎలుక ఎవరి వాహనమో తమకు తెలియనిది కాదు."

ఆస్థాన జ్యోతిష్కుడు చటుక్కున లేచి, ఆ రోజు చవితి కూడానని చెప్పాడు. రాజు సింహాసనం దిగి మౌస్‌కి నమస్కారం పెట్టాడు.

"దీన్ని పట్టపుటేనుగు మీద ఊరేగించండి," అన్నాడు. "'సాలిటేర్ సార్వభౌమ' అని బిరుదివ్వండి. దండనాయకా, అంబారీ ముందు మీరు ఆ జెండా పట్టుకుని నడవండి."

రణభైరవుడి ముఖం కందగడ్డలా ఎర్రబడింది. మౌస్‌కి కుంకుమ పెట్టారు, ఓర్చుకున్నాడు. దండ వేశారు, పళ్లు కొరుక్కున్నాడు. బిరుదు చదవడం మొదలయ్యేసరికి ఇక ఆగలేకపోయాడు.

"ఆపండి. అది ఎలుక గెలిచిన ఆట కాదు. నేను గెలిచింది. ఆఠీను ఆసు కోసం నేనెంత అవస్థ పడ్డానో ఆ ఎలుకకేం తెలుసు?"

కోనప్ప చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా అన్నాడు:

"ఆ గెలుపు మీదే దొరా, కాదనను. మరి అదే కుర్చీలో, అదే వేళకు పడ్డ ఓటములు మాత్రం ఎలుకవా?"

రణభైరవుడు మౌస్ వైపు చూశాడు. అది ఆదుకోలేదు.

ముందు రాజు నవ్వాడు. ఆ నవ్వుకి కిరీటం పక్కకి ఒరిగింది. తర్వాత సభంతా గొల్లుమంది. స్నానాల వేళ పడ్డ ఓటములన్నీ అప్పటికప్పుడే దండనాయకుడి పేరుకి మారాయి. ఆ ఒక్క గెలుపు కూడా అతనికే ఇచ్చేశారు, అన్యాయం జరగకూడదని.

రాజు తన మెడలోని హారం తీసి కోనప్ప మెడలో వేశాడు. "ఇవాళ్టినుంచి మన గెలుపోటముల కాపలా నీది. నువ్వు సరేననందే ఎవరూ ఆ కుర్చీలో కూర్చోడానికి వీల్లేదు. నేను కూడా అడిగే కూర్చుంటాను," అని, కాస్త తటపటాయించి, "ఇప్పుడు ఒక ఆట ఆడుకోనా?" అని అడిగాడు.