తెల్లగోడ మీద బీట

ఒక ఊరి చివర పత్తి గోదాము ఉండేది. పత్తి పోయింది, గోదాము మిగిలింది. రోడ్డు వైపున్న దాని గోడను వీడియో ఆటలు చేసేవాడు అద్దెకు తీసుకున్నాడు. వెల్ల వేసే ఆవిడను పిలిపించి గోడంతా తెల్లగా చేయించాడు. మధ్యలో నల్లరంగుతో ఒకే వాక్యం రాయించాడు: చూసేవాళ్లకు కనిపిస్తుంది.

దాని కింద కొత్త ఆట వచ్చే తేదీ. అంతే.

ఆటలు చేసేవాడికి అదొక అలవాటు. ఆట రాబోయే ముందు పోస్టర్లలోనో, వీడియోల మూలల్లోనో ఏదో ఒక చిక్కుముడి దాచేవాడు. ఆ ముడులు విప్పడానికే ఇంటర్నెట్‌లో ఒక గుంపు ఉండేది. తొమ్మిది వందల మంది. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు, పెట్టుకున్న పేర్లే తప్ప. గుంపు పెద్ద పేరు గుడ్లగూబ. ఒకడి పేరు మూడోకన్ను. ఇంకొకడి పేరు ఉప్మావద్దు. వాళ్లందరికీ ఒకటే నియమం: ఏదీ ఊరికే ఉండదు.

వెల్ల ఆరిన నాలుగో రోజు గోడ మీద బీట కనిపించింది.

ఎవరో ఫొటో తీసి పెట్టారు. మర్నాటికల్లా రెండు వందల మంది బస్సులెక్కి వచ్చేశారు. గోడ నీడలో టార్పాలిన్లు పరిచారు. పక్కపక్కనే కూర్చుని కూడా ఫోన్లలోనే మాట్లాడుకున్నారు. ఎదురుగా మాట్లాడబోతే ఎక్కడ చూడాలో వాళ్లకు తెలియలేదు.

వెల్ల వేసే ఆవిడకు ఒక్కతే కూతురు. ఆ పిల్ల రెండు రోజులుగా ఇంటికి రాలేదు. తల్లి అన్నం క్యారియరు పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లింది.

“మా అమ్మాయి ఉందా బాబూ? పొడుగు జడ, నీలం డ్రెస్సు.”

“గొళ్లెం గారా? అదిగో, బీట దగ్గర.”

కూతురి పేరు గొళ్లెమని తల్లికి అప్పుడే తెలిసింది. కూతురు గోడకు వీపు ఆనించి, స్కేలు పట్టుకుని కూర్చుని ఉంది. బీటను కొలిచే పని ఆమెకు అప్పగించారు. గుంపులో అది పెద్ద హోదా.

తల్లి క్యారియరు కింద పెట్టింది. అరచేయి గోడకు ఆన్చింది. లోపల చెమ్మ. కాస్త పక్కకు జరిగి గోడను ఓరగా చూసింది. నడుము దగ్గర ఉబ్బింది. ముప్పై ఏళ్లుగా గోడలతోనే బతికిన మనిషి. ఇంకొకరిని అడిగే పని లేదు.

“లేవే. గోడ ఒరుగుతోంది.”

“ఒరగడం కాదమ్మా. రోజుకి రెండు వేళ్లు పెరుగుతోంది. మొన్న రెండు, నిన్న రెండు. లెక్క తప్పట్లేదు.”

“లెక్క తప్పకుండానే మీద పడుతుంది. లే.”

“నీకు అర్థం కాదులేమ్మా.”

గుడ్లగూబ దగ్గరికొచ్చాడు. నున్నగా దువ్వుకున్న తల, ఇస్త్రీ చొక్కా, మెడలో రెండు ఫోన్లు.

“ఆంటీ, మిమ్మల్ని ఎవరు పంపారు?”

“నన్నెవరు పంపుతారు బాబూ. అన్నం తెచ్చాను.”

“ఏం కూర?”

“దొండకాయ.”

గుడ్లగూబ అది రాసుకున్నాడు.

ఈలోగా మూడోకన్ను ఆమె చీర మీది సున్నం చుక్కలను ఫొటో తీశాడు. సాయంత్రందాకా వాటిని గీతలతో కలిపారు. ఒకసారి తేలు వచ్చింది, ఒకసారి ఇస్త్రీపెట్టె వచ్చింది. రెండూ ఎటూ దారి తీయలేదు. చివరికి గుంపు ఒక తీర్మానం చేసింది: ఈ ఆవిడ దారి తప్పించడానికి పెట్టిన మనిషి. ఎవరూ ఆమె వైపు చూడకూడదు, ఆమె మాట వినకూడదు.

కూతురు కూడా చేయెత్తింది.

తల్లి ఆటలు చేసేవాడి ఆఫీసుకు వెళ్లింది. అతను కుర్ర మనిషే. కళ్ల కింద నల్లచారలు.

“బాబూ, ఆ బీట మీరు పెట్టించారా?”

“లేదమ్మా. ఈసారి చిక్కుముడి తయారే కాలేదు. టైము చాల్లేదు. ఆ వాక్యం ఊరికే రాయించాను.”

“అదే వాళ్లకు చెప్పండి. గోడ పడుతుంది. నా కూతురు దాని కిందే కూర్చుంది.”

మంచివాడే. అప్పటికప్పుడు ప్రకటన పెట్టాడు: గోడ మీద ఉన్నది చిక్కుముడి కాదు. ప్రమాదం. దయచేసి వెళ్లిపోండి.

గుంపులో పండగ. ఇన్నేళ్లలో ఆయన నోరు విప్పింది లేదు. విప్పి కాదన్నాడంటే ముడి ఎంత దగ్గరికొచ్చిందో. రాత్రి బస్సులకు ఇంకో మూడు వందల మంది దిగారు. పొద్దున్నే మున్సిపాలిటీ వాళ్లు వచ్చి ‘ప్రమాదం’ అని ఎర్రబోర్డు పాతి వెళ్లారు. గుంపు దాని చుట్టూ మూగింది. ఆటలవాళ్లు ఎంత ఖర్చు పెట్టారో, అచ్చం నిజం బోర్డులాగే ఉందని మెచ్చుకుంది.

ఉత్తరాన మబ్బు పట్టింది. ఒక్క వాన చాలు ఆ గోడకు.

తల్లి రోడ్డు పక్కన నిలబడి ఐదు వందల తలలు చూసింది. వాటిలో ఒక జడ కోసం వెతికింది. ఉన్నది ఉన్నట్టు చెబితే వీళ్లు లేవరు. ఎన్నిసార్లు చెప్పినా లేవరు. ఆమె ఇంటికెళ్లి బకెట్లో సున్నం కలుపుకుంది.

రోడ్డుకు అవతల బీడులో పెద్ద బండ ఉంది. పట్టపగలే, అందరి ముందునుంచే బకెట్, కుంచె పట్టుకుని నడిచి వెళ్లింది. ఆమెను చూడకూడదని తీర్మానం కదా, ఒక్కడూ చూడలేదు. బండ వెనకవైపు ఆ బీటను అచ్చు గుద్దినట్టు గీసింది. దాని ప్రతి వంకరా ఆమెకు కంఠస్థం. చూసినప్పటినుంచి కళ్లు మూసినా అదే కనిపిస్తోంది మరి.

గీసి, వెనక్కి జరిగి చూసుకుంది. మరీ స్పష్టంగా ఉంది. చీర చెంగు తడిపి కింది సగం చెరిపేసింది.

ఇక ఎవరో చూడాలి. ఆ భారం ఉప్మావద్దు మీద పడింది. మధ్యాహ్నం అతను ఒంటికి వెళ్లడానికి బండ వెనక్కి వెళ్లాడు. వెళ్లిన పని పూర్తి చేయకుండానే వెనక్కి పరిగెత్తుకొచ్చాడు.

“సగమే ఉంది,” అన్నాడు రొప్పుతూ. “మిగతా సగం ఎవరో చెరిపేశారు.”

ఐదు వందల మంది ఒక్కసారిగా లేచారు. టార్పాలిన్లు, చెప్పులు, ఇడ్లీ పొట్లాలు ఎక్కడివక్కడ వదిలేసి బీడు మీద పడ్డారు. అందరికంటే ముందు గుడ్లగూబ.

గోడ కింద కూతురు ఒక్కతే మిగిలింది.

ఉప్మావద్దు పెట్టిన ఫొటో ఆమె కూడా చూసింది. గీత మలుపులో కుంచెను ఎడమకు విదిలించే అలవాటు ఎవరిదో ఆమెకు తెలుసు. పుట్టినప్పటినుంచి చూసిన గోడలన్నిటి మీదా అదే విదిలింపు. అక్కడిది అమ్మ గీసింది, అసలుది ఇక్కడే ఉంది, ఇక ముడి తనొక్కతే విప్పుతుంది. స్కేలు తీసి మళ్లీ కొలిచింది. ఈసారి నాలుగు వేళ్లు.

తల్లి ఇవతలికి వచ్చింది. కూతుర్ని చూసింది. మొదటి చినుకు పడింది.

ఆమె అరవలేదు. వెళ్లి కూతురి పక్కన కూర్చుని, గోడకు వీపు ఆనించింది.

“నువ్వెందుకు కూర్చున్నావు?”

“నువ్వు కూర్చున్నావుగా.”

“పడుతుందన్నావు.”

“అవును.”

“మరి?”

తల్లి చేతులు ఒళ్లో పెట్టుకుంది. కూతురి చూపు ఆ చేతుల మీద పడింది. మూడంతస్తుల నిచ్చెన మీద ఒంటికాలిపై నిలబడి, సన్షేడు కింద చుక్క రాలకుండా గీత గీసే చేతులవి. ఇప్పుడు ఆగకుండా వణుకుతున్నాయి. వాటిని ఆపాలని ఆమె ఒకదాన్ని ఇంకోదాని కింద దాచుకుంటోంది. కిందిది వణికితే పైదీ కదులుతోంది.

కూతురు స్కేలు కింద పెట్టింది.

“లేమ్మా,” అంది. “ముందు నువ్వు లే.”

ఇద్దరూ రోడ్డు దాటారు. బండ వైపు సగం దూరం నడిచారో లేదో వెనక పెద్ద నిట్టూర్పులాంటి చప్పుడైంది. తిరిగి చూసేసరికి గోడ లేదు. తెల్లటి దుమ్ము. అది కాస్త అణిగాక గోదాము లోపల నిలబడి నెమరేస్తున్న గేదె కనిపించింది. ఎవరిదో, ఎప్పటినుంచి ఉందో. దానికి ఏమీ కాలేదు.

బండ దగ్గరి గుంపు పెద్దగా చప్పట్లు కొట్టింది. సరిగ్గా సమయానికి బండ దగ్గరికి రప్పించి తమ ప్రాణాలు కాపాడిన ఆటలు చేసేవాడిని పొగిడింది. తర్వాత సగం మంది చెరిగిపోయిన సున్నం దగ్గర ఉండిపోయారు. సగం మంది గేదె దగ్గరికి మారారు.

పది రోజుల తర్వాత ఆటలు చేసేవాడు వెల్ల వేసే ఆవిడ ఇంటికి వచ్చాడు. బండ మీద సున్నంతో గీసింది ఎవరో అతను ఊహించాడు. చాలా వినయంగా కూర్చున్నాడు.

“అమ్మా, ప్రపంచమంతా ఆ బండనే చూస్తోంది. ఆట నేను దాన్ని బట్టి మార్చాలి. చెరిపేసిన సగంలో ఏముందో నాకొక్కడికి చెప్పండి.”

“గోడ మీది బీటే అండీ,” అంది కూతురు. “దాని కింది సగం.”

“అలాగా.”

“అంతే. ఇంకేం లేదు.”

అతను నవ్వాడు. “చెప్పడం ఇష్టం లేకపోతే పోనీండి. మీ చోట ఉంటే నేనైనా చెప్పను.”

తల్లి టీ తెచ్చింది. ఆ రోజునుంచి చేతుల వణుకు పూర్తిగా తగ్గలేదు. కప్పు అందిస్తుంటే సాసర్లోకి నాలుగు చుక్కలు ఒలికాయి. అతను వాటి వైపే చూస్తూ మెల్లగా ఫోను తీశాడు.

కూతురు సాసరు లాక్కుని చున్నీతో తుడిచేసింది.

“అది టీ అండీ. అమ్మ చేయి వణికింది.”

“అర్థమైంది, అర్థమైంది,” అన్నాడు అతను, ఎంతో అర్థమైనట్టు. టీ తాగి, దండం పెట్టి బయల్దేరాడు. గుమ్మం దిగాక వెనక్కి తిరిగి ఆ ఇంటి గోడను నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాడు.

అతను సందు మలుపు తిరిగేదాకా చూసి, కూతురు తల్లి దగ్గరికి వచ్చింది.

“మన గోడకేం లేదు కదమ్మా?”

తల్లి అరచేయి ఆన్చి చూసింది.

“ఏం లేదు,” అంది.

కూతురు ఆ గోడకే చేరగిలబడి, కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది.