తేదీ లేనివాళ్ళు

"నర్సు కరుణమ్మగారు నా రిపోర్టు అబద్ధమన్నారమ్మా. అందరి ముందూ అన్నారు!"

కేదారి ముఖం కందిపోయి ఉంది. లాప్‌టాప్ తెరిచి గురువుగారి ముందు పెట్టాడు.

చిదంబరమ్మగారి ఆశ్రమంలో పేదలకు ఉచితంగా కంటి ఆపరేషన్లు చేస్తారు. కేదారి ఉద్యోగం మానుకుని వచ్చి, అందరూ అమ్మ అని పిలిచే ఆమెకు శిష్యుడయ్యాడు. ఆస్పత్రి లెక్కలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి రిపోర్టులు తీసేది అతనే. మర్నాడు ట్రస్టు సమావేశం. ఆస్పత్రిలో ఇద్దరు డాక్టర్లున్నారు. శుక్లాలు ముదిరిపోయిన కళ్ళకు ఆపరేషన్ చేసే డాక్టరు వారానికోసారి వస్తాడు. అతన్ని ఉంచాలా, వద్దనాలా అన్నది ఈ రిపోర్టు చూసి తేలుస్తారు.

"ఏమంటోంది నీ రిపోర్టు?" అంది అమ్మ.

"పేరు రాయించుకున్న తేదీ నుంచి ఆపరేషన్ తేదీ దాకా సగటున నాలుగే రోజులు. వారానికోసారి వచ్చే రెండో డాక్టరు అక్కర్లేదు."

"శుక్లాలు ముదిరిన ఎర్రన్న శివరాత్రికి ముందు నుంచీ ఆపరేషన్ కోసం తిరుగుతున్నాడు గదయ్యా. ఇవాళ కూడా మనవరాలి భుజం పట్టుకుని వచ్చాడు."

"ఆయనకింకా ఆపరేషన్ కాలేదమ్మా. రెండో తేదీ గడి ఖాళీ. ఖాళీ గడి ఉంటే రోజులు లెక్కకు రావు, ఎర్రర్ వస్తుంది. అందుకే ఆపరేషన్ అయినవాళ్ళనే లెక్కపెట్టమని షరతు పెట్టాను."

"అలాంటివాళ్ళు ఎంతమంది?"

"ఆ లెక్క నన్నెవరూ అడగలేదమ్మా. ఫార్ములాలో తప్పుంటే చూపించమనండి. అసలావిడకు ఫార్ములా అంటే తెలుసా?"

భోజనాలకు పిలుపొచ్చింది.

మొదటి పంక్తి లేచింది. రెండో పంక్తిలో కేదారి కూర్చున్నాడు. ఆ పూట అమ్మే అన్నం బేసిన్ పట్టుకుని వడ్డనకు వచ్చింది. అతనికి ఇవతలి విస్తట్లో వడ్డించింది. అతన్ని దాటి అవతలి విస్తట్లో వడ్డించింది. పప్పు తెచ్చింది. మళ్ళీ దాటిపోయింది.

"ఏం నాయనా, ఉపవాసమా?" అన్నాడు పక్కనున్న పెద్దాయన, ముద్ద కలుపుతూ.

కేదారి చెవులు ఎర్రబడ్డాయి. సాంబారు కూడా దాటిపోయేసరికి ఇక ఉండబట్టలేకపోయాడు.

"అమ్మా! నాకు వడ్డించలేదు."

"అలాగా?"

"ఒక్క మెతుకు వెయ్యలేదు! అందరూ సగం భోజనంలో ఉన్నారు. కరుణమ్మగారి మాట పట్టుకుని నన్నిలా పదిమందిలో అవమానిస్తారా? ఇదేం న్యాయం?"

"నీకు ఆకలిగా ఉందని నాకెలా తెలుస్తుంది?"

"ఎదురుగా కూర్చున్నాను గదమ్మా! ఖాళీ విస్తరి కనబడటం లేదా?"

పంక్తి అంతా తినడం ఆపి చూసింది. అమ్మ గొంతు పెంచలేదు.

"తిని లేచినవాళ్ళందరినీ అడిగాను నాయనా. ఒక్కరూ ఆకలి అనలేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. కేదారి విస్తరి వైపు చూస్తూ ఉండిపోయాడు.

అమ్మ వంగి గరిటెతో అన్నం తీసింది. కేదారి విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

పంక్తి ముగియకుండా మధ్యలో లేవకూడదంటారు. అతను లేచి, "ఆ ఖాళీ గడులెన్నో లెక్కపెట్టి వస్తానమ్మా" అని ఆఫీసు గది వైపు నడిచాడు.