సూన్‌జా అవ్వ చట్టి

పెనుకొండ దాపున ఒక తోటలో అశ్వత్థయ్య అనే గురువు ఉండేవారు. ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. శిష్యుడు పినాకపాణి ఒకరోజు పట్టుబట్టి అడిగాడు: "అయ్యా, అందరిలో ఉన్నది ఒక్కటేనని ఇరవై ఏళ్లుగా చదువుతున్నాను. అర్థమైంది కూడా. అది ఒంటబట్టేదెప్పుడు?"

"గురువారం మధ్యాహ్నం భోజనానికి రా," అన్నారు గురువు.

ఆ గురువారం వంట సూన్‌జా అవ్వది. కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా ఉన్న కొడుకు జున్‌హోను చూడటానికి ఆమె కొరియా నుంచి వచ్చింది. మూడు నెలలుగా రోజూ పొద్దున్నే తోటకు వచ్చి, ఎవరూ చెప్పకుండానే కలుపు తీసి వెళ్లేది. మర్నాడే ఆమె ప్రయాణం. వెళ్లేలోగా ఒక్కపూట తన చేతి వంట పెడతానని కొడుకుచేత అడిగించింది.

నెలల తరబడి మాగిన సోయా ముద్దను ఆమె నల్లటి మట్టిచట్టిలో కలిపి మరిగించింది. ఆ ఘాటుకు పాణి కిటికీలన్నీ తెరిచాడు. ఆలుగడ్డలు, పుట్టగొడుగులు, పచ్చిమిరపకాయలు పడ్డాక మాత్రం కిటికీ దగ్గర నిలబడిన వాడల్లా పొయ్యి దగ్గరికి వచ్చేశాడు. దానికి తోడుగా గురువుగారు రాగిసంగటి చేయించారు.

నలుగురూ చాపమీద కూర్చున్నారు. అవ్వ కుతకుతలాడుతున్న చట్టిని తెచ్చి నడుమ పెట్టి, తలా ఒక చెంచా ఇచ్చింది. గిన్నెలు లేవు. పాణి గబగబా లేచి వెళ్లి నాలుగు గిన్నెలు, గరిటె తెచ్చాడు. ఒకరి ఎంగిలి గ్లాసు ఇంకొకరి దరిదాపులకు పోనివ్వని ఇంట్లో పెరిగినవాడు అతను.

గిన్నెలు చూడగానే అవ్వ నవ్వు ఆగిపోయింది. తప్పు చేసినదానిలా తల వంచుకుంది.

జున్‌హో వచ్చీరాని తెలుగులో అన్నాడు: "మా ఇంట్లో చట్టి ఒకటే, అందరి చెంచాలూ అందులోనే. గిన్నెలో పోసి ఇస్తే... బయటివాళ్లకు ఇచ్చినట్టు."

పాణి గురువు వైపు చూశాడు. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని, తనకేమీ పట్టనట్టు సంగటి ముద్దను చూస్తున్నారు. పాణి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అంతలో అవ్వ తన చెంచాతో ఒక ఆలుగడ్డ ముక్క తీసి, ఉఫ్ ఉఫ్ అని ఊది, మళ్లీ చట్టిలోనే, పాణి కూర్చున్న వైపు అంచున పెట్టింది. "తిను నాయనా," అంది. మూడు నెలల్లో ఆమె నేర్చిన తెలుగంతా అదే.

పాణి ఆమె చేతి వైపు చూశాడు. ఆమె గోళ్లలో ఇంకా తోట మట్టి ఉంది. గరిటె పక్కన పెట్టి, చెంచా ముంచి, ఆ ముక్కనే తీసి నోట్లో వేసుకున్నాడు. మిరపకాయ కూడా వచ్చినట్టుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అబ్బా, కారం!" అన్నాడు.

అవ్వ చేతులు చరిచి పకపకా నవ్వింది. జున్‌హో నవ్వాడు. గురువుగారు సంగటి తుంచి చట్టిలో ముంచారు. ఆ తర్వాత ఏ చెంచా ఎవరి వైపుకు పోయిందో ఎవరూ చూసుకోలేదు.

చట్టి సగమయ్యాక పాణి కళ్లు తుడుచుకుని, "అయ్యా, అంటే మీరు చెప్పదలచుకున్నది..." అని మొదలుపెట్టాడు.

"మాటల్లో పడితే ఎలాగయ్యా? అడుగున పుట్టగొడుగులున్నాయి. అవ్వ ఒక్కొక్కటీ నీ వైపుకే తోస్తోంది."