నూటొకటో పీట

సభలో గోల వినీ వినీ ఏటిగడ్డ రాజు రణధీరవర్మకి తలనొప్పి పట్టుకుంది. తలనొప్పి తగ్గేలోపే శాసనం వచ్చేసింది. తాంబూలం పళ్ళెం ఎవరి ముందు ఆగితే వాళ్ళే మాట్లాడాలి. పళ్ళెం బయలుదేరిన చోటికి తిరిగొస్తే ఆ రోజుకి సభ చాలు. సభలో తప్ప ఫిర్యాదులు వినడం ఎప్పుడూ లేదు.

సభలో గుండ్రంగా నూరు పీటలు. పళ్ళెం ఎన్ని పీటలకోసారి ఆగాలో చెప్పే పెద్దరికం ఆస్థాన గణకుడు సోమయార్యుడిది. ఆయనకి 'గణకసింహ' అని బిరుదు. బిరుదు వచ్చాక ఇంకా లెక్కలు చేసే ఖర్మ ఆయనకేం పట్టింది?

రోజూ "ఇరవై" అనేవాడు. ఆయన దగ్గర బయలుదేరిన పళ్ళెం ప్రతి ఇరవయ్యో పీట దగ్గరా ఆగుతూ, నలుగురిని పలకరించి, మళ్ళీ ఆయన ఒళ్ళో వాలేది. ఆ నలుగురూ ఆయన చుట్టాలే. అంతా దైవ సంకల్పం.

ఈలోగా ఆయన బావమరిది రేవు దారికి కంచె కట్టి వంకాయలు పండిస్తున్నాడు. జాలర్లు వలలు మోసుకుని గుట్ట చుట్టూ తిరిగి ఏటికి పోతున్నారు. ఆ సంగతి సభలో చెప్పాలని విదూషకుడు పేరన్నకి తహతహ. కానీ ఆయనది నిలబడే కొలువు. పీటే లేనివాడి దగ్గరికి పళ్ళెం ఎందుకొస్తుంది?

ఒక ఉదయం సభ మొదలవక ముందే పేరన్న ముక్కాలిపీట చంకన పెట్టుకొచ్చాడు.

"ప్రభూ, మోకాళ్ళు పోతున్నాయి. నన్నూ ఓ మూల కూర్చోనివ్వండి. ఎక్కడో పండితులవారే చెబుతారు."

సోమయార్యుడు నవ్వాడు. "ఆ గుమ్మం పక్కన, వరసలోనే వేసుకో. గాలి బాగా తగుల్తుంది. పళ్ళెం మాత్రం తగల్దు."

"తగిలితేనో?"

"నా పీట నీది. తగలకపోతే ఊరొదిలి పోవాలి నువ్వు."

రాజుకి వేడుక కావాలి. సరేనన్నాడు.

"ఇరవై," అన్నాడు గణకసింహ. నాలుగు మజిలీలయ్యాక ధీమాగా చేతులు చాచాడు. పళ్ళెం ఆయన పక్కపీట మీదున్న ముసలి సేనాని ముందు ఆగింది. సేనాని మురిసిపోయి తాంబూలం వేసుకున్నాడు.

"మళ్ళీ మొదట్నుంచి. ఇరవై ఐదు."

సేనాని దగ్గరే ఆగింది.

"పది."

సేనానే. పాపం, తాంబూలాలు బుగ్గల్లో పట్టడం లేదు.

"ఏమిటీ మాయ?" అన్నాడు రాజు.

"మాయ కాదు ప్రభూ. నూరుని ఎన్నో రకాలుగా సమభాగాలు చేసి తెగ్గోయొచ్చు. పండితులవారు కోసుకుని తిన్నారు. నా పీటతో నూటొకటైంది. దాన్ని ఎవరూ సమంగా ముక్కలు చేయలేరు. ఏ లెక్కన తిప్పినా పళ్ళెం అందరినీ పలకరించాకే ఇంటికొస్తుంది."

సోమయార్యుడు గొంతు తగ్గించాడు. "నీ దగ్గరికి రాని లెక్క ఒక్కటీ లేదూ?"

"ఒకటుందండీ."

"చెప్పు, నాయనా."

"నూటొకటి అనండి. చుట్టంతా తిరిగి తిన్నగా మీ ఒళ్ళోనే పడుతుంది. చుట్టాలక్కూడా పెట్టక్కర్లేదు."

సభ గొల్లుమంది. నోటినిండా ఆకులున్న సేనాని నవ్వలేక నానా అవస్థా పడ్డాడు. రాజు కళ్ళు తుడుచుకుంటూ "ఇరవై, కానివ్వండి" అన్నాడు. పళ్ళెం చుట్టుచుట్టుకీ ఒక్కో పీట వెనక్కి జరుగుతూ చివరికి ముక్కాలిపీట దగ్గరికొచ్చింది. పేరన్న కంచె సంగతి చెప్పాడు.

సాయంత్రానికి బావమరిది తన చేతులతోనే కంచె పీకాడు. పేరన్నకి పట్టుశాలువాతో పాటు పండితుడి పీట దక్కింది. గణకసింహ ఇప్పుడు గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంటున్నాడు. అక్కడ గాలి నిజంగానే బాగా తగుల్తుందట.